సెల్‌ఫోనును ఇంటిలో చేసికొనవచ్చునా?

నేటి గ్రామజీవితములో సెల్‌ఫోను కేవలము మాటలాడుకొను పరికరముగా మిగిలియుండలేదు. బ్యాంకులో సొమ్ము పడినదన్న కబురు దానికే వచ్చును. అంగడిలో సొమ్ము చెల్లించుట దాని ద్వారానే జరుగును. ఆధార్‌తో ముడిపడిన అనేక పనులకు కావలసిన రహస్య సంఖ్య దానికే చేరును. అర్ధరాత్రి 108 వాహనమును పిలుచుటకును అదియే దిక్కు. ఇంత ముఖ్యమైన వస్తువు లోపల ఏమున్నదో, దానిని విప్పుటకు, బాగుచేయుటకు, మార్చుకొనుటకు మనకు ఎంతవరకు వీలు గలదో ఎరిగినవారు గ్రామములలో అరుదు.

ఇట్టి స్థితిలో పాలిటెక్నిక్కులోనో, ఇంజనీరింగు కళాశాలలోనో చదివిన యువకుడొకడు "ఈ ఫోనును మనమే చేసికొనలేమా?" అని తలచుట సహజము. నేడో రేపో అట్టివాడు పంచాయతీ కార్యాలయమునకు వచ్చి, ఒక గదిని, కొంత ధనసహాయమును కోరవచ్చును. "అది మనవల్ల అయ్యెడి పని కాదు" అని అతనిని పంపివేయుట ఒక పొరపాటు. గ్రామమంతటికి చవుకగా ఫోనులు చేయించి పంచెదమని తీర్మానించుట అంతకంటె పెద్ద పొరపాటు. ఫోను చేయుట సాధ్యమే. అయితే ఆ ఫోనులో మన చేతికి వచ్చు భాగమేదో, రాని భాగమేదో ముందుగా తెలిసియుండవలెను. ఆ సరిహద్దును చూపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

బహిరంగ రూపకల్పన అనగా నేమి?

ధర్మవరము పట్టుచీర మన ప్రాంతము వారందరు ఎరిగినదే. చీర అంచున, చెంగున కనిపించు పువ్వులను, లతలను, హంసలను మగ్గముపై జాకార్డు అట్టలు నడిపించును. ఏ పోగు లేవవలెనో, ఏ పోగు లేవరాదో ఆ అట్టలలోని రంధ్రములే చెప్పును. అట్టలు చేతిలో నున్న నేతగాడు ఆ బుటాను మరల నేయగలడు, కావలెనన్న మార్చగలడు, పొరుగు మగ్గము వానికి నేర్పగలడు. చీర మాత్రమే చేతిలో నున్నవారు దానిని కట్టుకొనగలరు గాని, ఆ పనితనమును సులభముగా తిరిగి పుట్టింపలేరు.

సెల్‌ఫోనునకును ఇట్టి అట్టలు రెండు విధములుగా కలవు. ఒకటి సాఫ్ట్‌వేరు, అనగా యంత్రమునకు ఇచ్చు ఆజ్ఞల వరుస. రెండవది సర్క్యూట్ పటము, అనగా ఏ భాగమును ఏ భాగముతో ఎట్లు కలుపవలెనో తెలుపు చిత్రము. ఈ రెండింటిని ఎవరైనను చూచునట్లు, మార్చుకొనునట్లు, తిరిగి పంచుకొనునట్లు అనుమతితో ప్రకటించినచో దానిని ఓపెన్ సోర్సు అందురు. తెలుగున బహిరంగ రూపకల్పన యనవచ్చును. సాఫ్ట్‌వేరు విషయమున ఈ ఉద్యమమునకు 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రణాళిక మార్గము చూపెను. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్సు అను కెర్నెలును విడుదల చేసెను. నేడు మన చేతులలో నున్న ఆండ్రాయిడ్ ఫోనులు ఆ లినక్సు కెర్నెలు పైననే నడచుచున్నవి.

ఇచట మరియొక సంగతిని గమనింపవలెను. అట్టలు తనవే యైనను నేతగాడు పట్టుపురుగులను పెంచడు. పట్టుగూళ్ళను రైతులు హిందూపురము మార్కెట్టుకు తెత్తురు. జరీ సూరతు నుండి వచ్చును. అయినను చీర అతడు నేసినదే. అట్లే ఇంటిలో ఫోను చేయువాడు చిప్పులను తయారుచేయడు. వానికి వేల కోట్ల రూపాయల కర్మాగారములు కావలెను. భాగములను కొని, పటము ప్రకారము కూర్చి, ఆజ్ఞలను తాను వ్రాసికొని నడపుటయే 'ఇంటిలో చేసిన ఫోను' అను మాటకు అర్థము.

అమెరికాలో జరిగిన ఒక ప్రయత్నము

ఇట్టి ప్రయత్నములలో పేరుపొందినది మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోని మీడియా ల్యాబ్ అను పరిశోధనాలయమున జరిగినది. డేవిడ్ మెల్లిస్ అను పరిశోధకుడు 2013 నాటికి సుమారు 60 భాగములతో ఒక ఫోనును రూపొందించి, దాని పటమును, ఆజ్ఞలను అందరికి అందుబాటులో నుంచెను. దాని పెట్టె లేజరుతో కోసిన పలుచని ప్లైవుడ్. దాని తెర పాత నోకియా 5110 ఫోనులోని వంటి నలుపు-తెలుపు తెర. ఆ ఫోనుతో మాటలాడవచ్చును, సందేశములు పంపవచ్చును, పేర్లు, సంఖ్యలు దాచుకొనవచ్చును, గడియారము చూడవచ్చును. అంతకుమించి మరేమియు లేదు.

భాగముల వెల సుమారు 200 డాలర్లు, నాటి మారకపు రేటున 11 వేల రూపాయల పైమాట. అదే ఏట మన దేశములో నోకియా 105 అను సాధారణ ఫోను 1,300 రూపాయల లోపుననే దొరికినది. కర్మాగారము లక్షల సంఖ్యలో కొనును. ఇంటివాడు ఒక్కటి కొనును. ధర యందు ఇంటి ఫోను కర్మాగారపు ఫోనుతో పోటీపడజాలదు. ఈ సంగతిని పంచాయతీ సభ్యులు మొదటనే మనస్సున ఉంచుకొనవలెను. ఇంటి ఫోను వలన ప్రయోజనము వేరు, అది విద్య.

ఆ ఫోనులో మెల్లిస్ అనుసరించిన మార్గము తెలిసికొనదగినది. గోపురముతో, అనగా టవరుతో, రేడియో తరంగముల ద్వారా మాటలాడు కష్టమైన పనిని అతడు స్వయముగా చేయలేదు. ఆ పని కొరకే తయారై యున్న జి.ఎస్.ఎం. మాడ్యూలు అను చిన్న బిళ్ళను కొని బోర్డుపై నతికించెను. మరియొక చిన్న కంట్రోలరు చిప్పు ఆ మాడ్యూలునకు 'ఎ.టి. ఆజ్ఞలు' అనబడు పొట్టి మాటలను పంపును. ఎ.టి.డి. అని సంఖ్యను జోడించిన పిలుపు పోవును, ఎ.టి.ఎ. అనిన వచ్చిన పిలుపు అందుకొనబడును. మీటలు, తెర, పేర్ల పట్టిక మున్నగునవన్నియు ఈ కంట్రోలరు చూచుకొనును. మన యువకుడు వ్రాయగలిగినది, మార్చగలిగినది ఈ భాగమునే.

మొదటి చిక్కు: మూసియున్న పెట్టె

ఆ మాడ్యూలు లోపలి ఆజ్ఞలు దానిని చేసిన కంపెనీ రహస్యములు. వానిని కొన్నవారు చదువలేరు, మార్చలేరు. బహిరంగ ఫోనులన్నింటికి ఈ గోడ అడ్డు వచ్చినది. ఓపెన్‌మోకో అను సంఘము 2007లో నియో 1973 అను ఫోనును, 2008లో నియో ఫ్రీరన్నర్ అను ఫోనును విడుదల చేసి, తన పటములను సైతము ప్రకటించినది. కాని టవరుతో మాటలాడు చిప్పులోని ఆజ్ఞలు మూసియే యుండెను. 2009లో ఆ సంఘము క్రొత్త ఫోనుల రూపకల్పనను మానుకొన్నది. 2020లో కొనువారి చేతికి వచ్చిన పైన్‌ఫోను కూడ ఈ విషయమున పూర్తిగా బహిరంగము కాలేదు. అందు మోడెమును, మైకును, కెమెరాలను నిలిపివేయుటకు వేరు వేరు స్విచ్చులు అమర్చిరి. తెరువలేని పెట్టెను కనీసము మనము ఆపివేయగల వీలు ఉండవలెనని వారి భావము.

ఈ గోడను దాటిన వారు లేకపోలేదు. ఆస్మోకామ్ అను స్వచ్ఛంద సంఘము వారు 2010లో కొన్ని పాత మోటరోలా ఫోనుల చిప్పునకు తాము స్వయముగా వ్రాసిన బహిరంగ ఆజ్ఞలను ప్రకటించిరి. అది పరిశోధకులకు గొప్ప మేలు చేసినది. కాని అట్టి ఆజ్ఞలతో ప్రజల నెట్‌వర్కుపై ప్రసారము చేయుటకు ప్రభుత్వానుమతి కావలెను. అది గ్రామములో చేయదగిన ప్రయోగము కాదు.

రెండవ చిక్కు: విద్యుత్తు

రేడియో దగ్గర సెల్‌ఫోను ఉంచిన, పిలుపు వచ్చుటకు ముందు రేడియోలో గరగర మను చప్పుడు వినబడుటను అందరు ఎరుగుదురు. దాని కారణము తెలిసినచో ఫోను చేయువాని అతిపెద్ద కష్టము తెలిసినట్లే. 2జి పద్ధతిలో ఒకే తరంగమును ఎనిమిదిమంది వంతులవారీగా వాడుకొందురు. ప్రతి ఫోను తన వంతు రాగానే ఒక సెకనులో 217 సార్లు, ప్రతిసారి సుమారు 577 మైక్రోసెకనుల కాలము ప్రసారము చేయును. ఆ క్షణములో మాడ్యూలు 2 ఆంపియర్ల వరకు విద్యుత్తును ఒక్కసారిగా లాగును, మరుక్షణము వదలివేయును.

కాలువకు ఒక్కసారిగా తూము ఎత్తిన చెరువు అంచున నీరు ఎట్లు దిగిపోవునో, సన్నని తీగల ద్వారా వచ్చు విద్యుత్తు అట్లు దిగిపోవును. మాడ్యూలు ఆగిపోయి మరల మొదటి నుండి ప్రారంభమగును. ప్రారంభకులు "ఫోను వెలుగుచున్నది గాని పిలుపు చేయగానే ఆరిపోవుచున్నది" అని చెప్పు ఫిర్యాదునకు తరచు కారణమిదే. మాడ్యూలునకు అతి దగ్గరగా తగిన కెపాసిటరును పెట్టుట, బ్యాటరీ నుండి వచ్చు దారిని వెడల్పుగాను, పొట్టిగాను ఉంచుట దీనికి మందు. ఈ తరంగముల పోటు మైకు తీగలలోనికి చొరబడిన, అవతలివారికి గరగర శబ్దము వినబడును. ఫ్రీరన్నర్ ఫోనులలో ఇదే లోపము బయటపడి, అమ్మిన ఫోనులను విప్పి సవరింపవలసి వచ్చినది.

బ్యాటరీ విషయము ప్రాణమునకు సంబంధించినది. లిథియము బ్యాటరీని 4.2 వోల్టులకు మించి నింపరాదు, పొడువరాదు, వంచరాదు. సాధారణముగా 45 డిగ్రీలు మించిన వేడిలో చార్జి చేయరాదని తయారీదారులు చెప్పుదురు. వేసవిలో 40 డిగ్రీలు దాటు మన ప్రాంతమున, రేకుల కప్పు క్రింద, మూసిన పెట్టెలో చార్జి చేయుట ఎంత అపాయకరమో చెప్పనక్కరలేదు. రక్షణ సర్క్యూట్ లేని బ్యాటరీని ఏ విద్యార్థి చేతికి ఇయ్యరాదు.

మూడవ చిక్కు: తెలుగు లిపి

ఇది మనకు ప్రత్యేకమైనది. పాశ్చాత్యుల పటములలో దీనికి సమాధానము దొరకదు. 'చెన్నేకొత్తపల్లి' అను పేరు కంటికి ఆరు అక్షరములు. యంత్రము లెక్కలో, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు వేరు వేరుగా లెక్కించినచో, అది 16 సంకేతములు. ఆ 16 సంకేతములను కలిపి, వత్తును క్రిందకు దించి, గుడిని పైకి చేర్చి, ఆరు అక్షరములుగా చూపు పని సాఫ్ట్‌వేరుదే. నోకియా 5110 తెరపై నిలువునకు 48 చుక్కలు మాత్రమే కలవు. ఆరు వరుసలు వేసినచో ఒక్కొక్క వరుసకు 8 చుక్కలు. ఇంగ్లీషు అక్షరము అందులో ఇముడును. 'త్త', 'ల్లి' అనునవి ఇముడవు.

సందేశముల విషయము అట్టిదే. ఒక సందేశమున ఇంగ్లీషు అక్షరములు 160 పట్టును. తెలుగును యూనికోడ్ పద్ధతిలో పంపినచో 70 సంకేతములే పట్టును. ఊరి పేరు ఒక్కటే అందు 16 తినివేయును. తెలుగు కొరకు ప్రత్యేక పట్టికను అంతర్జాతీయ ప్రమాణములలో చేర్చియున్నారు గాని, రెండు వైపుల ఫోనులును దానిని ఎరిగినపుడే అది పనికివచ్చును.

ఈ పని పెద్ద కంపెనీలకు సైతము సులభము కాలేదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను ఒక్క తెలుగు అక్షరము సందేశములో వచ్చిన ఐఫోను అప్లికేషనులు కుప్పకూలినవి. ఆపిల్ కంపెనీ ఆ నెలలోనే సవరణ విడుదల చేసినది. కోట్ల రూపాయల కంపెనీ తడబడిన చోట మన విద్యార్థులకు మేలైన అవకాశము కలదు. ఏలనన తెలుగు ఎట్లు కనబడవలెనో వారికి బాగుగా తెలియును. సిలికానాంధ్ర సంస్థ కృషితో వెలువడిన రామభద్ర, మల్లన్న మున్నగు ఖతులు స్వేచ్ఛా అనుమతితో లభించుచున్నవి. అక్షరములను కూర్చు హార్ఫ్‌బజ్ అను సాఫ్ట్‌వేరు కూడ బహిరంగమే. ఫోనులో తెలుగు అను భాగము పూర్తిగా మన చేతికి వచ్చు భాగము.

నాలుగవ చిక్కు: చట్టము

ప్రతి ఫోనునకు ఐ.ఎం.ఇ.ఐ. అను 15 అంకెల గుర్తింపు సంఖ్య ఉండును. అది లేని ఫోనుల పిలుపులను మన దేశములో 2009 డిసెంబరు నుండి నిలిపివేసిరి. కొన్న మాడ్యూలునకు దానిని చేసినవారే సంఖ్యను ఇత్తురు. ఆ సంఖ్యను మార్చుట నేరము; మూడేండ్ల వరకు కారాగార శిక్ష పడవచ్చును. "సంఖ్యను మార్చి చూపుదును" అని గొప్పలు చెప్పు యువకుని సభ్యులు వెంటనే వారింపవలెను.

రేడియో తరంగములను ప్రసారము చేయు పరికరములకు కేంద్ర టెలికాం శాఖ ఆమోదము కావలెను. ఆమోదము పొందిన మాడ్యూలునే కొనుట అందుకే అవసరము. ఫోనును అమ్మదలచినచో భారతీయ ప్రమాణముల సంస్థ వద్ద నమోదు చేయవలెను. 2017 జనవరి 1 నుండి అమ్ము ప్రతి సాధారణ ఫోనులోను 5 లేక 9 మీటను నొక్కి పట్టినచో ఆపద పిలుపు పోవు ఏర్పాటు ఉండవలెనని నియమము. కావున ఒక ఫోనును నేర్చుకొనుటకు చేయుట వేరు, పదిమందికి అమ్ముట వేరు. పంచాయతీ సొమ్ముతో చేయించి పంచుట రెండవ కోవకే చేరును.

ఐదవ చిక్కు: కాలము

మెల్లిస్ ఫోను 2జి నెట్‌వర్కుపై నడచునది. అమెరికాలో ఏ.టి. అండ్ టి. కంపెనీ 2017 ప్రారంభమున తన 2జి సేవను మూసివేసినది. ఫోను చెడిపోలేదు, పటము తప్పు కాలేదు. కాని ఆ నెట్‌వర్కుపై దానికి బదులు పలుకు టవరు లేకపోయెను. మన దేశములో 2016లో వచ్చిన జియో సేవ 4జితోనే మొదలైనది. దానిపై 2జి ఫోను పనిచేయదు. ఇతర కంపెనీల 2జి సేవ ఇంకను నడచుచున్నను, శాశ్వతమని ఎంచరాదు. నేడు మాడ్యూలును ఎంచువాడు 4జి మాడ్యూలును ఎంచుట మేలు. అయితే 4జిలో మాట కూడ ఇంటర్నెట్ మార్గముననే పోవును గనుక, ఆ మాడ్యూలుపై మాటల సేవను తన కంపెనీ అనుమతించుచున్నదో లేదో కొనుటకు ముందే విచారింపవలెను.

బహిరంగ సాఫ్ట్‌వేరు మన ఊరికి వచ్చిన విధము

ఇన్ని చిక్కులు చదివిన పిదప, బహిరంగ రూపకల్పన గ్రామములకు దూరపు మాట యని తోచవచ్చును. అది సరికాదు. మొజిల్లా సంస్థ ఫైర్‌ఫాక్స్ ఓ.ఎస్. అను బహిరంగ సాఫ్ట్‌వేరుతో 2013లో ఫోనులు వెలువరింపజేసెను. 2014లో మన దేశములో ఇంటెక్స్ కంపెనీ అట్టి ఫోనును 2,000 రూపాయల లోపు వెలకు అమ్మెను. ఆ ప్రయత్నము నిలువలేదు. కాని దాని ఆజ్ఞలు అందరికి అందుబాటులో నున్నందున, వానినుండి కాయ్ ఓ.ఎస్. పుట్టినది. 2017లో వచ్చిన జియోఫోను దానిపైననే నడచినది. మూసియున్న ఫోను విఫలమైనచో దాని పనియు దానితోనే పోవును. బహిరంగముగా వ్రాసిన పని మరియొకని చేతిలో మొలకెత్తును. ఇది గుర్తుంచుకొనదగిన లాభము.

కలసి చేసిన ప్రయత్నములు

ఒక్కని వలన కాని పని సమష్టిగా అగుట మన దేశమున చూచియున్నాము. 1984లో ఏర్పడిన సి-డాట్ సంస్థ గ్రామముల కొరకే 128 లైనుల చిన్న టెలిఫోను ఎక్స్‌ఛేంజిని రూపొందించినది. ఎండకు, దుమ్ముకు ఓర్చి, శీతల యంత్రము లేకయే పనిచేయునట్లు దానిని చేసిరి. మొదటిది 1986లో కర్ణాటకములోని కిత్తూరులో నెలకొల్పిరి. ఆ రూపకల్పనను తమ వద్దనే దాచుకొనక అనేక కంపెనీలకు తయారీ నిమిత్తము ఇచ్చిరి. 2025 సెప్టెంబరులో ప్రారంభమైన బి.ఎస్.ఎన్.ఎల్. స్వదేశీ 4జి నెట్‌వర్కులోను ఆ సంస్థకు భాగము కలదు.

తెలుగు గ్రామములలో సంఘం రేడియో కథ మరియొక పాఠము. జహీరాబాదు సమీపమున మాచనూరులో దళిత స్త్రీలు నడుపు ఈ కేంద్రము 2008 అక్టోబరు 15న ప్రసారములు ప్రారంభించినది. పరికరములు, శిక్షణ అంతకు సుమారు పదేండ్ల ముందే వారికి అందినవి. 2006లో ప్రభుత్వము సామాజిక రేడియో విధానమును ప్రకటించిన పిదపనే అనుమతికి మార్గము ఏర్పడినది. యంత్రమును నేర్చుకొనుటకు గ్రామ స్త్రీలకు పట్టిన కాలము కంటె అనుమతికి పట్టిన కాలమే ఎక్కువ.

మెక్సికో దేశములోని తలేయా ద కాస్త్రో అను కొండ గ్రామము ఇంకొక అడుగు ముందుకు వేసినది. పెద్ద కంపెనీల సేవ లేని ఆ ఊరివారు 2013లో, రైజోమాటికా అను సంస్థ తోడ్పాటుతో, బహిరంగ సాఫ్ట్‌వేరుపై నడచు చిన్న టవరును తమ గ్రామసభ నిర్ణయముతో నెలకొల్పుకొనిరి. 2016లో ఆ ప్రభుత్వము ఇట్టి గ్రామ నెట్‌వర్కులకు తరంగముల అనుమతిని ఇచ్చినది. మన దేశపు నియమములు వేరు. అనుమతి లేక టవరు పెట్టరాదు. అయినను, ప్రశ్నను గ్రామసభలో చర్చించి, ఖర్చును, బాధ్యతను అందరు పంచుకొన్న తీరు మనకు ఆదర్శము. చెన్నేకొత్తపల్లి పరిసరములలో 1990 నుండి పనిచేయుచున్న టింబక్టు కలెక్టివ్ ఆధ్వర్యమున రైతులు, స్త్రీలు సహకార సంఘములుగా నిలిచిన అనుభవము కలదు గనుక, ఇట్టి పద్ధతి ఈ ప్రాంతమునకు క్రొత్తది కాదు.

పంచాయతీ ఏమి చేయవచ్చును?

ఫోను చేసెదనని యువకుడు వచ్చినపుడు సభ్యులు అతనిని ఈ ఐదు ప్రశ్నలు అడుగవలెను. మాడ్యూలు ఏ నెట్‌వర్కుపై నడచును, దానికి ఆమోదము కలదా? బ్యాటరీకి రక్షణ సర్క్యూట్ ఉన్నదా? తెర తెలుగును చూపగలదా? భాగములు చెడిన మరల ఎచట దొరకును? నీ పటమును, ఆజ్ఞలను తెలుగు వివరణతో అందరికి ఇచ్చెదవా? ఐదవ ప్రశ్నకు ఒప్పుకొననివాని పని అతనితోనే ముగియును. ఒప్పుకొన్నవాని పని గ్రామమునకు మిగులును.

ఒక్క ఫోను చేయుటకు గదిని, బల్లను, మంచి వెలుతురును, టంకము వేయు సాధనములను సమకూర్చుట పంచాయతీ శక్తికి మించినది కాదు. 2016 నుండి అటల్ టింకరింగు ల్యాబులు నెలకొల్పబడిన పాఠశాల దగ్గరలో ఉన్నచో, ప్రధానోపాధ్యాయుని అనుమతితో అచటనే పని జరుపవచ్చును. ఆ బల్ల వద్దకు ఊరి సెల్‌ఫోను మరమ్మతు అంగడి వానిని తప్పక పిలువవలెను. చిన్న భాగములకు టంకము వేయుటలో అతని చేయి తిరిగినది. పటము చదువుటలో విద్యార్థికి అలవాటు కలదు. ఇద్దరును కలిసినచో ఊరిలోని పాత ఫోనులు మరికొన్ని ఏండ్లు పనిచేయును. ఈ లాభము క్రొత్త ఫోను కంటె పెద్దది.

ఇంటికి ఉన్న ఒక్క ఫోను స్థానమున ఈ ప్రయోగపు ఫోనును ఎవరును వాడరాదు. పురిటి నొప్పుల వేళ, పాముకాటు వేళ పరీక్షింపని పరికరమును నమ్ముట తగదు.

ఇవిగాక నేడే చేయదగిన పనులు మూడు కలవు. మొదటిది, ప్రతి కుటుంబము తన ఫోనులో *#06# నొక్కి, కనబడు 15 అంకెల సంఖ్యను ఒక పుస్తకమున వ్రాసి యుంచవలెను. ఫోను పోయినచో పోలీసు ఫిర్యాదు పిదప సంచార్ సాథీ ద్వారా దానిని నిలిపివేయుటకు అది పనికివచ్చును. రెండవది, పాత ఫోనులను, ఉబ్బిన బ్యాటరీలను చెత్తకుప్పలో వేయక, కాల్చక, వేరుగా సేకరించి అధీకృత సేకరణదారులకు అప్పగింపవలెను. 2023 ఏప్రిలు 1 నుండి అమలులో నున్న నియమముల ప్రకారము పాత ఫోనుల బాధ్యత తయారీదారులపై కూడ ఉన్నది. మూడవది, పంచాయతీ కార్యాలయమునకు ఫోనును కొనునపుడు అది తెలుగును చక్కగా చూపునో లేదో, బ్యాటరీ మార్చదగినదో కాదో, విడిభాగములు దొరకునో లేదో చూచియే కొనవలెను. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన మరమ్మతు హక్కు పోర్టలులో కొన్ని కంపెనీల మరమ్మతు వివరములు లభించును.

చర్చకు ప్రశ్నలు

1. మన గ్రామములో చెడిన ఫోనులు ఏమగుచున్నవి? వానిలో బాగుచేయదగినవి ఎన్ని?

2. మన ఊరి మరమ్మతు అంగడివానికి, చదువుకొన్న యువకులకు కలిసి పనిచేయు చోటు ఎచట కల్పింపవచ్చును?

3. ఫోనులోని ఏ భాగము మన చేతికి వచ్చును, ఏది రాదు? రాని భాగము విషయమున మనము ఎవరిని, ఏమి అడుగవలెను?

ఈ ప్రశ్నలను రాబోవు గ్రామసభలో చర్చకు పెట్టుడు. సమాధానములను తీర్మానముల పుస్తకమున వ్రాయింపుడు. పటమును చదువగల ఇద్దరు యువకులు, మరమ్మతు చేయగల ఒక పనివాడు ఉన్న గ్రామము రేపు ఏ క్రొత్త యంత్రము వచ్చినను దానిని విప్పి, తెలిసికొని, తన అవసరమునకు మలచుకొనగలదు.